మా ఊరి షెడ్లూ, ఐరోపా కార్లూ

ఐరోపా కార్ల మీద మన దేశంలో ఒక స్థిరమైన అభిప్రాయం ఉంది. నడుస్తున్నంతకాలం అంత హాయైన బండి మరొకటి ఉండదు, చెడిపోతే అంత ఏడిపించే బండీ మరొకటి ఉండదు అని. రెండూ నిజమే. అయితే ఈ రెండో మాట ఎప్పటినుంచి నిజమయిందన్నది నాకు చాలాకాలంగా ఉన్న కుతూహలం. ఎందుకంటే నా చిన్నతనంలో మా మిర్యాలగూడ వీధుల్లో తిరిగిన కార్లు దాదాపు అన్నీ ఐరోపావే. అంబాసిడరుది ఇంగ్లండు, ఫియెట్‌ది ఇటలీ, ఎప్పుడో ఒకటి కనిపించే హెరాల్డుదీ ఇంగ్లండే. వాటిని బాగుచేయించడానికి హైదరాబాదు పరుగెత్తినవాళ్ళు నాకు గుర్తులేరు. (ఇంగ్లండును ఐరోపాలో కలపవచ్చునా అని అడిగే మిత్రులు 2016 తరువాత ఎక్కువయ్యారు. కార్ల విషయంలో కలపక తప్పదు.)

మన ప్రాంతానికి ఐరోపా మోటారు వచ్చిన తీరులోనే రెండు దారులున్నాయి. ఒకటి ప్రభువుల దారి. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్టు ఒకటి ఆర్డరిచ్చి, అది చేతికందకుండానే 1911లో కన్నుమూశారు. పసుపుపచ్చని ఆ కారు తరువాతి నిజాం కొలువుకు చేరింది. ఇప్పుడు చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది. దశాబ్దాల పాటు ఉత్సవాలకే వాడటం వల్ల అది తిరిగిన మొత్తం దూరం 356 మైళ్ళు. మిర్యాలగూడ నుంచి హైదరాబాదుకు రెండుసార్లు పోయివస్తే ఇంచుమించు అంతే దూరం! ఆ బండి నమ్మకమైనదా కాదా అని తేల్చే అవకాశం ఎవరికీ రాలేదు.

రెండోది జనం దారి. 1932 జూన్‌లో నిజాం రాష్ట్ర రైల్వే తన రోడ్డు రవాణా శాఖను 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో మొదలుపెట్టింది. అవి స్కాట్లండులోని గ్లాస్గోలో తయారైన అల్బియన్ బస్సులు. రేడియేటరు మీద ఉదయిస్తున్న సూర్యుడి బొమ్మ ఆ కంపెనీ ముద్ర. సూర్యోదయమంత ఖాయం అన్నది వాళ్ళ ప్రచారం. గ్లాస్గో పొద్దు సంగతి నాకు తెలియదు గానీ దక్కను ఎండలో ఒక యంత్రం రోజూ నడవాలంటే కంపెనీ ముద్ర ఒక్కటే చాలదు. విడిభాగాల నిలవ, వర్క్‌షాపు, చేయి తిరిగిన మనుషులు కావాలి. రైల్వే వారికి యంత్రాల నిర్వహణ అప్పటికే అలవాటు. బస్సు కూడా ఆ క్రమశిక్షణలోకే వచ్చింది. ఆనాటి అల్బియన్ ఒకదాన్ని ఆర్టీసీ వారు హైదరాబాదులో భద్రపరచి ఉంచారు. చూసినవారికి తెలుస్తుంది, దాని అవయవాలన్నీ కంటికి కనబడేవే.

మా ఊరికి యంత్రవిద్య వచ్చింది మాత్రం కాలువతో. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళు వదిలారు. ఎడమ కాలువ కింద మా తాలూకా మాగాణి అయింది. వరి వెంట రైసుమిల్లులు, మిల్లుల వెంట లారీలు, పొలాల్లోకి ట్రాక్టర్లు వచ్చాయి. ఆ ట్రాక్టర్లలోనూ ఐరోపా వంశాలు చాలానే. ఐషర్ జర్మనీది, ఫరీదాబాదులో 1959 నుంచి తయారైంది. మాస్సీ ఫెర్గూసన్ మద్రాసులో టాఫే వారి చేతిమీదుగా వచ్చింది. హెచ్.ఎం.టి. జెటార్ చెకొస్లొవేకియాది, 1971 నుంచి పింజోరులో తయారయ్యేది. దమ్ము చేస్తుండగా మడిలో ఆగిపోయిన జెటార్‌ను ఎవరూ ఊరికి ఈడ్చుకురాలేరు. పానాల సంచీ పట్టుకుని మనిషే గట్టు మీదుగా నడిచి వెళ్ళాలి. మా ఊరి మేస్త్రీలలో పాతతరం వారు అలా బురదలో నిలబడి నేర్చుకున్నవారే. వారి చేతికింద పనిచేసిన కుర్రాళ్ళు తరువాత కార్ల షెడ్లు పెట్టారు.

ఆ విద్యలో జర్మనీ వాటా కూడా ఉంది. బాష్ కంపెనీ 1951లో బెంగుళూరులో మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీని, అంటే మైకోను స్థాపించింది. లారీ డ్రైవర్లకు బాష్ అంటే తెలిసేది కాదు, మైకో పంపు, మైకో ప్లగ్గు అంటే తెలిసేది. కోదాడ, సూర్యాపేటల్లో జాతీయ రహదారి పక్కన "పంపు, నాజిల్ సర్వీసు" బోర్డులుండేవి. జర్మన్ డీజిల్ పంపును విప్పి, తుడిచి, బల్ల మీద ఒత్తిడి పరీక్ష చేసి, మళ్ళీ బిగించి ఇచ్చేవారు. జర్మనీ పేరే వినని పిల్లవాడు జర్మన్ పంపుకు వైద్యం చేసేవాడన్నమాట. 2008లో ఆ కంపెనీ మైకో పేరు తీసేసి బాష్ అయింది. మా వైపు పాతవాళ్ళ నోట ఇంకా మైకోయే.

ఇక అంబాసిడర్. ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్‌గా పుట్టి, 1957 నుంచి బెంగాల్‌లోని ఉత్తరపాడాలో హిందుస్థాన్ మోటార్స్ వారి అంబాసిడర్ అయింది. పుట్టింట్లో ఆ మోడలును 1959లోనే ఆపేశారు. మన దగ్గర 2014 మే దాకా తయారైంది. ఫియెట్ కథా ఇంతే. 1964లో వచ్చిన ఫియెట్ 1100 డిలైట్ 1974 నుంచి ప్రీమియర్ పద్మిని పేరుతో, పెద్దగా రూపం మార్చుకోకుండా 2000 దాకా బొంబాయి కుర్లాలో తయారైంది. లైసెన్సుల రాజ్యంలో పోటీ లేక, మార్పు లేక, కొనేవాడు ఏళ్ళ తరబడి వరుసలో నిలబడిన రోజులవి. ఆర్థికవేత్తలు ఆ కాలాన్ని తిట్టిపోస్తారు. తిట్టవలసిందే. కానీ యాభయ్యేళ్ళు మారని యంత్రానికి మరో ఫలితం కూడా ఉంది. ఊరూరా దాన్ని కళ్ళు మూసుకుని విప్పగలిగిన వాళ్ళు తయారవుతారు.

అంబాసిడర్ నమ్మకమైన బండి అనుకునేవారు దాన్ని నడిపి ఉండరు. బ్రేకులు ఒకవైపు లాగేవి, వర్షం పడితే డిస్ట్రిబ్యూటరులోకి తేమ చేరి మొరాయించేది, కొన్నివేల కిలోమీటర్లకే ఇంజన్ బోరుకు వచ్చేది. మే నెలలో నల్లగొండ రోడ్డు మీద పెట్రోలు పంపులోనే ఆవిరై ఇంజన్ ఆగిపోతే, డ్రైవరు దిగి తడిగుడ్డ పంపు మీద కప్పి, చెట్టు కింద బీడీ ముట్టించేవాడు. బీడీ అయిపోయేసరికి బండి తయారు! కాంటాక్టు పాయింట్ల సందు సరిచేయడానికి కొలత పలక లేకపోతే అగ్గిపెట్టె అట్టముక్క చాలేది. గ్యాస్కెట్టును మందపాటి కాగితం కత్తిరించి చేసేవారు. అరిగిన పిన్ను లేత్ మీద పుట్టేది. ఇక్కడ దొరకనిది విజయవాడ ఆటోనగర్‌లో దొరికేది. రోజూ చెడిపోయే బండే, కానీ రోజూ బాగయ్యే బండి. ఈనాటి ఏ ఐరోపా కారూ అంబాసిడరంత తరచుగా చెడిపోదు. అయినా జనం అంబాసిడర్‌ను నమ్మారు, దీన్ని నమ్మరు. జనం అవివేకులు కారు, వారు లెక్కపెట్టింది చెడిపోయిన సార్లను కాదు, దారిలో చిక్కుకుపోయిన రాత్రులను.

ఈ మాటకు చరిత్రలో సాక్ష్యాలున్నాయి. 1977లో ఐరోపాలో ఆ ఏటి మేటి కారుగా ఎన్నికైన రోవర్‌ను 1985లో మద్రాసు స్టాండర్డ్ కంపెనీ "స్టాండర్డ్ 2000" పేరుతో తెచ్చింది. ఒళ్ళు రోవర్‌ది, లోపల బిగించింది మాత్రం 1940ల నాటి వాన్‌గార్డ్ ఇంజన్ వంశం. ధర ఎక్కువ, పెట్రోలు దాహం ఎక్కువ. కొన్నేళ్ళకే ఆగిపోయింది. అప్పటికే 1983 డిసెంబరులో మారుతి వచ్చి, కారంటే పొద్దున తాళం తిప్పగానే కదిలేదని జనానికి అలవాటు చేసింది.

తరువాత తొంభైలలో ఐరోపా రెండోసారి వచ్చింది. అన్నిటికన్నా బాధాకరమైన కథ ప్యూజో 309ది. ప్రీమియర్ వారితో కలిసి 1994లో కళ్యాణ్‌లో మొదలుపెట్టిన ఫ్రెంచి కంపెనీ, కార్మిక వివాదాలూ భాగస్వాముల తగాదాలూ ముదిరి దశాబ్దం చివరికల్లా మూటాముల్లే సర్దుకుంది. కొన్నవారి దగ్గర మంచి కార్లు మిగిలాయి, విడిభాగాలు మిగలలేదు. ఆ వెంటనే ఫియెట్ ఊనో. 1996లో రెండు లక్షలకు పైగా బుకింగులు తెచ్చుకుని, కుర్లా ఫ్యాక్టరీ గొడవల వల్ల చాలామందికి సమయానికి అందనే లేదు. బయానా కట్టి ఎదురుచూసిన వారికి ఫియెట్ మీద మనసు విరిగింది. ఆ విరిగిన మనసు ఆ కంపెనీని చివరిదాకా వెంటాడింది.

కానీ ఇక్కడొక విచిత్రం గమనించండి. అదే ప్యూజో వారి డీజిల్ ఇంజన్‌ను మహీంద్రా వారు 1979 ఒప్పందంతో తెచ్చుకుని తమ జీపుల్లో బిగించారు. ఆ జీపులే మా పల్లెల్లో షేరు బండ్లయ్యాయి. పదిమంది లోపల, ఆరుగురు వెనక వేలాడుతూ, ఇద్దరు బానెట్ మీద. ఫ్రెంచి ఇంజనీర్లు ఆ దృశ్యం చూస్తే ఏమయ్యేవారో! ఇంజన్‌కు మాత్రం ఏమీ కాలేదు. అయినా ప్రతి మండల కేంద్రంలోనూ బాగయ్యేది. ఒకే కంపెనీ ఇంజన్, ఒక చోట అనాథ, మరోచోట అందరి బిడ్డ.

ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ ఫియెట్ వారి 1.3 మల్టీజెట్ డీజిల్. 1248 సీసీల ఈ చిన్న ఇంజన్ ఇటలీ వారి సృష్టి, 2003లో పోలండులో ఉత్పత్తి మొదలైంది. మన దేశంలో మారుతి 2007లో దీన్ని స్విఫ్టులో పెట్టింది, తరువాత డిజైర్, రిట్జ్, ఎర్టిగాలలో. టాటా వారు ఇండికా విస్టాలో, మాంజాలో పెట్టుకున్నారు. మోటారు పత్రికలు దీనికి భారతదేశపు జాతీయ ఇంజన్ అని ముద్దుపేరు పెట్టాయి. 2020 ఏప్రిల్‌లో కొత్త కాలుష్య నిబంధనలు వచ్చేదాకా అది తయారవుతూనే ఉంది. మా ఊళ్ళో ట్యాక్సీ డిజైర్లు మూడు లక్షల కిలోమీటర్లు దాటి నడవడం వింత కాదు. సరిగ్గా అదే ఇంజన్‌తో ఫియెట్ తన సొంత కార్లను, లీనియాను, పుంటోను, 2009లో తెచ్చింది. అమ్మకమూ మరమ్మతూ టాటా డీలర్ల దగ్గర పెట్టింది. జనం "ఫియెట్టా? వద్దు బాబూ, స్పేరు పార్టులు దొరకవు" అన్నారు. స్విఫ్టును మాత్రం కళ్ళకద్దుకుని కొన్నారు. 2019కల్లా ఫియెట్ పేరుతో ఇక్కడ అమ్మకాలే ఆగిపోయాయి. మా మేస్త్రి దగ్గరకు ఒకసారి పుంటో వస్తే, బానెట్ ఎత్తి "ఏం లేదు, ఇది స్విఫ్టు ఇంజనే" అని ధైర్యం చెప్పాడు. ట్యూరిన్ నగరంలో ఎవరైనా ఈ మాట వింటే కన్నీళ్ళు పెట్టుకునేవారు.

ఇప్పటి బండ్ల దగ్గరకు వద్దాం. డీజిల్ కార్లలో కామన్ రెయిల్ విధానం 1997లో ఆల్ఫా రోమియోతో బజారుకొచ్చింది. పాత నాజిల్ సుమారు 200 బార్ల ఒత్తిడికి తెరుచుకునేది. ఇందులో మొదటి తరంలోనే ఒత్తిడి 1350 బార్లు. పాత పంపు షాపు బల్ల మీద దాన్ని పరీక్షించలేరు. దానికి తోడు ఇంధనం. 2010లో హైదరాబాదుతో కలిపి 13 నగరాలకు 50 పీపీఎం గంధకం ఉన్న డీజిల్ వచ్చింది. తక్కిన దేశానికి అప్పుడు 350 పీపీఎంది. దేశమంతటా ఒకే ఇంధనం 2017 ఏప్రిల్ 1న గానీ రాలేదు. అంటే నగరంలో కొన్న కారు జిల్లాల్లోకి వస్తే తాగే నీరు మారినట్టే.

నీరంటే నిజంగా నీరు కూడా. నల్లగొండ జిల్లా బోరునీటి సంగతి లోకానికి తెలుసు. పాత ఇత్తడి రేడియేటరులో ఆ నీళ్ళే పోసేవారు. పాకుడు పట్టేది, విప్పి రాడ్డుతో పొడిచి కడిగేవారు. ఇప్పటి సన్నని అల్యూమినియం రేడియేటరులో, ప్రత్యేకమైన కూలెంట్‌లో ఆ ఉప్పునీళ్ళు కలిస్తే తెట్టె కట్టి లోపలి దారులు మూసుకుంటాయి. ఎండల మాట సరేసరి. ఫోక్స్‌వ్యాగన్ వారి ఏడు గేర్ల పొడి క్లచ్ ఆటోమేటిక్ గేరుబాక్సు మీద ఫిర్యాదులు ముదిరి, 2013లో చైనాలో 3,84,000కు పైగా కార్లను వెనక్కి పిలవవలసి వచ్చింది. అదే ఏడాది చివర ప్రపంచవ్యాప్తంగా 16 లక్షల బండ్లలో సింథటిక్ గేరు నూనె తీసి మామూలు ఖనిజ నూనె పోశారు. కొత్తదాని తప్పు పాతదాంతో దిద్దుకున్నారు. మా మేస్త్రికి చెబితే నవ్వాడు.

నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. కంపెనీ పేరు అనవసరం, ఐరోపాదని చెబితే చాలు. నాలుగేళ్ళ కారు, ఒక మధ్యాహ్నం తిప్పర్తి దాటాక వేడెక్కి ఆగిపోయింది. థర్మోస్టాట్ ఉన్న ప్లాస్టిక్ డబ్బా పగిలి కూలెంట్ మొత్తం కారిపోయింది. అరచేతిలో పట్టే ముక్క. హైదరాబాదు సర్వీసు కేంద్రానికి ఫోన్ చేస్తే ఆ ముక్క విడిగా అమ్మరట. పంపుతో కలిపి మొత్తం మార్చాలట, కారు అక్కడికే తేవాలట, సరుకు రావడానికి మూడు వారాలట. మా మేస్త్రి చిన్న స్కానర్ తగిలించి చూసి "రోగం పేరైతే చెప్తది సార్, మందు చెప్పదు" అన్నాడు. తరువాత పగిలిన ముక్కను చేతిలో తిప్పితిప్పి చూసి, లేత్ వాడి దగ్గరకు తీసుకుపోయాడు. రెండు రోజుల్లో అల్యూమినియం డబ్బా తయారైంది. ప్లాస్టిక్‌దానికన్నా గట్టిది. కారు నడిచింది. తరువాత సర్వీసుకు వెళితే, బయటి ముక్క వేయించారు కాబట్టి పొడిగించిన వారంటీ చెల్లదన్నారు. నేను డబ్బు కట్టి కొనుక్కున్న వారంటీ! పగిలిన ప్లాస్టిక్‌కు ఎవరూ బాధ్యులు కారు, పగలని అల్యూమినియం మాత్రం నేరమైంది.

ఈ బాధ నా ఒక్కడిదే కాదని తరువాత తెలిసింది. 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీలకు కలిపి దాదాపు 2,545 కోట్ల రూపాయల జరిమానా విధించింది. అసలైన విడిభాగాలనూ, రోగనిర్ధారణ పరికరాలనూ, మరమ్మతు సమాచారాన్నీ బయటి మెకానిక్కులకు అందకుండా చేస్తున్నారన్నది అభియోగం. బయట బాగుచేయించినంత మాత్రాన వారంటీ రద్దు చేయరాదన్నది కూడా ఆ ఉత్తర్వులోని మాట. ఆ 14 మందిలో మారుతి, టాటా, మహీంద్రా కూడా ఉన్నారు. కాబట్టి ఇది ఐరోపా వారి ఒక్కరి పాపం అనడానికి లేదు. కంపెనీలు అప్పీళ్ళకూ, కోర్టులకూ వెళ్ళాయి. విచిత్రమేమంటే ఐరోపా సమాఖ్య తన సొంత గడ్డమీద 2007 నాటి చట్టంతోనే స్వతంత్ర మెకానిక్కులకు మరమ్మతు సమాచారం ఇచ్చితీరాలని కంపెనీలకు నిబంధన పెట్టింది. మ్యూనిక్ శివార్లలోని షెడ్డువాడికి చట్టం ఇచ్చిన హక్కు మిర్యాలగూడ షెడ్డువాడికి అందాలంటే ఇక్కడ వ్యాజ్యం నడవాలి.

అన్నట్టు, ఫోక్స్‌వ్యాగన్ కారు మన విశాఖపట్నంలోనే తయారు కావలసింది. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వశిష్ట వాహన్ అనే సంస్థకు సుమారు 11 కోట్లు చెల్లించడం, దానితో తమకు సంబంధం లేదని జర్మన్ కంపెనీ అనడం, సీబీఐ దర్యాప్తు... అదంతా మిత్రులకు గుర్తుండే ఉంటుంది. ఫ్యాక్టరీ పుణె దగ్గరి చాకన్‌కు పోయింది, 2009లో మొదలైంది. తెలుగునేల మీద పెద్ద కార్ల ఫ్యాక్టరీ 2019లో పెనుకొండ దగ్గర వచ్చింది, అది కొరియా వారిది. ఫ్యాక్టరీ ఉన్న చోట చుట్టూ విడిభాగాల వాళ్ళు, వారి చుట్టూ పనివాళ్ళు పెరుగుతారు. విశాఖకు దక్కనిది ఆ పనితనం కూడా.

అంబాసిడర్ పేరును ప్యూజో వారు 2017లో 80 కోట్లకు కొనుక్కున్నారు. 2021లో ఫియెట్, ప్యూజో ఒకే గొడుగు కిందకు చేరాయి కాబట్టి, మా ఊరి షెడ్లకు అన్నం పెట్టిన రెండు పేర్లూ ఇప్పుడు ఒకే యజమానివి. ఆ పేర్లతో మన బజారులో కొత్త కారేదీ లేదు. మా మేస్త్రి షెడ్డులో అటక మీద పాత ఎస్.యు. కార్బొరేటరు ఒకటి గోనెపట్టాలో చుట్టి ఉంది. ఎప్పుడైనా ఎవరైనా అడుగుతారేమోనని ఉంచాడట. కామన్ రెయిల్ ఇంజెక్టర్లు వస్తే మాత్రం విప్పడు. పాత పేపరులో చుట్టి, మీద ఫోన్ నంబరు రాసి, సాయంత్రం బస్సులో విజయవాడ పంపిస్తాడు.